సాయంత్రం నలభై నిమిషాలు: ఇంటి దగ్గర పిల్లల చదువు ఎలా నడపాలి

మా కోనసీమలో ట్యూషన్‌ని ప్రైవేటు అంటాం. స్కూలు నుంచి వచ్చిన పిల్లాడు సంచి అరుగు మీద పడేసి, ఏదో ఒకటి నోట్లో వేసుకుని, మళ్లీ అదే సంచి తగిలించుకుని ప్రైవేటుకి పోతాడు. ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది. ఇంత తిరిగినా ఐదో తరగతికి వచ్చి రెండో తరగతి వాచకంలో ఒక పేరా తడుముకోకుండా చదవలేని పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పన్నెండేళ్లుగా అమలాపురం దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు పిల్లలకి చదువు చెబుతున్నాను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది వీళ్లే. వీళ్లకి తెలివి తక్కువ కాదు. కింది తరగతుల్లో ఎక్కడో ఒక మెట్టు జారింది. స్కూల్లో పై మెట్టు పాఠం నడుస్తోంది, ప్రైవేటులోనూ అదే పాఠం మళ్లీ చెబుతున్నారు. జారిన చోటికి వెనక్కి వెళ్లి చూసినవాళ్లు లేరు.

ఆ పని ఇంట్లో చేయొచ్చు. అమ్మ పదో తరగతితో ఆపేసినా, నాయనమ్మకి అక్షరం ముక్క రాకపోయినా చేయొచ్చు. రోజుకి నలభై నిమిషాలు చాలు. ఎలాగో నేను చేసే వరుసలోనే చెబుతాను.

ముందు జారిన మెట్టు కనిపెట్టండి

ఒక ఆదివారం పొద్దున్న, పిల్లలు టిఫిన్ తిని స్థిమితంగా ఉన్నప్పుడు ఒక పావుగంట కూర్చోబెట్టండి. పరీక్ష అనే మాట నోటి వెంట రానివ్వకండి. ఆ మాట వింటేనే కొంతమందికి టెన్షన్ వచ్చి, వచ్చింది కూడా మరిచిపోతారు.

2005 నుంచి మన దేశంలో ఊరూరా తిరిగి పిల్లల చదువు చూసే అసర్ సర్వేలో ఒక తేలికైన పద్ధతి ఉంది. తరగతి ఏదైనా చూసే మెట్లు నాలుగే: అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పేరాతో మొదలుపెడతారు. హాయిగా చదివేస్తే కథ ఇస్తారు, ఆగిపోతే పదాలకి, అక్కడా ఆగితే అక్షరాలకి దిగుతారు. మీరూ అలాగే చేయండి. పాత వాచకాలు పక్కింట్లో అడిగితే దొరుకుతాయి. తన పుస్తకంలో పాఠం మాత్రం పెట్టొద్దు, చాలామంది దాన్ని చూడకుండానే అప్పజెప్పేస్తారు.

లెక్కల్లో తీసివేతతో మొదలుపెట్టండి. 52లోంచి 27 తీసేయమనండి. సరిగ్గా వస్తే అలాంటిదే ఇంకొకటి ఇచ్చి, తర్వాత 734ని 6తో భాగించమనండి (122 వచ్చి 2 మిగలాలి). తీసివేత రాకపోతే రెండంకెల సంఖ్యలు చదివించి చూడండి. ఇక్కడ జవాబు కన్నా తప్పు ఎలాంటిదో చూడడం ముఖ్యం. 52లోంచి 27 తీస్తే 35 అని రాసే పిల్లలు చాలామంది ఉంటారు. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేస్తారు. ఆ పిల్లకి తీసివేత వచ్చు, పదుల స్థానం అంటే ఏమిటో తెలియదు. ఇంకో వంద లెక్కలు చేయించినా అదే తప్పు వంద సార్లు చేస్తుంది.

చూసింది ఒక నోటుబుక్కు మొదటి పేజీలో తేదీ వేసి రాసుకోండి: ఎక్కడిదాకా చదవగలిగింది, ఏ లెక్క దగ్గర ఆగింది. ఇప్పుడే ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇంకో మాట. పుస్తకం ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటున్నా, బోర్డు మీది తప్పుగా ఎక్కించుకుంటున్నా ముందు కళ్లు చూపించండి. మా ఊళ్లో ఒక అబ్బాయిని రెండేళ్లు మొద్దు అన్నారు. కళ్లజోడు వచ్చిన నెలకి వాడే క్లాసులో పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆ రెండేళ్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మిగతావన్నీ చక్కగా అర్థం చేసుకునే పిల్ల ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటినా చదవడం దగ్గర మాత్రమే గట్టిగా అవస్థ పడుతుంటే, అది బద్ధకం అనుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి. చదవడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందిని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది.

వేళ, చోటు

వేళ మీ పనిని బట్టి పెట్టుకోండి, పెట్టుకున్నాక మార్చకండి. వరినాట్లకో, రొయ్యల చెరువుల దగ్గరికో పనికి వెళ్లే అమ్మలు సాయంత్రం అలిసిపోయి వస్తారు. అలాంటి ఇళ్లలో పొద్దున్న స్కూలుకి ముందు అరగంట బాగా నడిచింది. సాయంత్రమైతే సీరియల్ మొదలవకముందే. అరుగు మీద చల్లగానే ఉంటుంది గానీ, కాలవ పక్క ఊళ్లలో సందె వేళ దోమలు పిల్లల్ని కూర్చోనివ్వవు. లోపల ఫ్యాను కింద, వెలుతురు ఎడమ వైపు నుంచి పడేలా చాప వేయండి. ఎడమ చేత్తో రాసే పిల్లలకి కుడి వైపు నుంచి.

నలభై నిమిషాల్లో పది నిమిషాలు పైకి చదవడానికి, పావుగంట జారిన మెట్టుకి, చివరి పావుగంట స్కూలు హోంవర్కుకి. హోంవర్కు ముందు పెడితే మిగతా రెండూ జరగవు. ఇది నేను చాలాసార్లు చూశాను.

మన వైపు చాలా ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. అక్కడి నుంచి కూడా చదివించొచ్చు. మన ఏడు గంటలకి కువైట్‌లో నాలుగున్నర, దుబాయ్‌లో ఐదున్నర. వీడియో కాల్‌లో "అన్నం తిన్నావా" అయ్యాక ఒక పేజీ చదివించుకోండి. నా దగ్గరికి వచ్చే ఒక పాప వాళ్లమ్మకి రోజూ ఒక కథ చదివి వినిపించేది. ఆ పాపకి చదువు నేను చెప్పినదానికంటే ఆ ఫోన్‌లోనే ఎక్కువ వచ్చింది. పక్కనే ఉన్న అమ్మమ్మలూ తమకి చదువు రాదని వెనక్కి తగ్గొద్దు. "నాకు చదవడం రాదు కదమ్మా, ఇందులో ఏముందో నువ్వే చదివి చెప్పు" అని అమ్మమ్మ నిజంగా అడిగితే, పిల్ల అర్థమయ్యేలా చెప్పి తీరాలి. అర్థం చెప్పించడం నాకు అంత బాగా చేతకాదు, ఎందుకంటే అది నాకు ముందే తెలుసని పిల్లలకి తెలుసు.

చదవడం దగ్గర

తెలుగు చదవడంలో పిల్లలు ఆగేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది గుణింతం. క గుణింతం పాటలా గడగడా అప్పజెప్పే పిల్లకి విడిగా "కె" రాసి చూపిస్తే "కే" అంటుంది, ఒక్కోసారి "కి" అంటుంది. పాటలో వరుస వచ్చింది, గుర్తు రాలేదు. అందుకని వరుస తప్పించి చూపించాలి. పాత క్యాలెండర్ అట్టలు చీటీలుగా కత్తిరించి కి, కీ, కె, కే, కొ, కో కలిపేసి ఒక్కొక్కటే తీయించండి. తర్వాత జంట పదాలు పెట్టండి: మెడ, మేడ. వడ, వాడ. కలం, కాలం. ఒక్క దీర్ఘంతో మాట మారిపోవడం పిల్లలకి భలే సరదాగా ఉంటుంది. మెడ పట్టుకుని చూపించి, మేడ వైపు వేలు పెట్టి చూపిస్తారు.

రెండోది ఒత్తులు. అదే అక్షరానికి అదే ఒత్తు వచ్చేవి ముందు: అమ్మ, అక్క, పిల్లి, కొబ్బరి, రొయ్య. ఇవి తడబడకుండా వచ్చాకే వేరే ఒత్తులు. దీనికి నేను వాడేది బస్సు బోర్డులు. కొత్తపేట, పాలకొల్లు, అప్పనపల్లి మొదటి వారం. ముక్తేశ్వరం, ధవళేశ్వరం, ద్రాక్షారామం రెండో వారం. పిల్లలకి ఆ ఊళ్ల పేర్లు నోటికి వచ్చు, అందుకని కన్ను అక్షరం మీద పడగానే నోరు సాయం చేస్తుంది. బస్టాండులో నిలబడ్డప్పుడు వచ్చే బస్సు ఏ ఊరిదో పిల్లల్నే చదివి చెప్పమనండి.

పేరా చదివించేటప్పుడు మొదట మీరు వేలు పెట్టి నెమ్మదిగా చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత పిల్ల ఒక్కతే. ఆగినచోట వెంటనే అందించకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. చాలాసార్లు నాలుగు దగ్గరికి వచ్చేసరికి మాట పడుతుంది. పడకపోతే మీరే చెప్పి ముందుకి పొండి. "ఇది కూడా రాదా" అన్న మాట ఒక్కసారి అంటే, ఆ పిల్ల నెల్లాళ్లు గొంతు పెంచి చదవదు. అయ్యాక పుస్తకం మూయించి, ఏం చదివిందో తన మాటల్లో చెప్పించండి. మళ్లీ మళ్లీ చదవడం కన్నా పుస్తకం మూసి గుర్తుచేసుకోవడమే ఎక్కువ నిలుస్తుంది.

చదవడానికి కథల పుస్తకాలే ఉండాలని లేదు. పేపర్లో జిల్లా పేజీ, ఎరువు బస్తా మీద రాసింది, పెళ్లి శుభలేఖ, ఏదైనా సరే. దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఉంటే మీ పేరున సభ్యత్వం తీసుకోండి. కొద్దిపాటి డిపాజిట్ కడితే పుస్తకాలు ఇంటికిస్తారు.

ఈనెలతో లెక్కలు

మన దగ్గర కొబ్బరి ఈనెలకి కరువా. చీపురుకి పనికిరాని పొట్టి ఈనెలు వంద తీసి, బెత్తెడు ముక్కలు చేసి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేయండి. కొన్ని ముక్కలు విడిగానే ఉంచండి.

ఇప్పుడు ఆ 52, 27 లెక్కే తీయండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టించండి. "ఇందులోంచి 27 నాకివ్వు" అనండి. రెండు కట్టలు వెంటనే ఇచ్చేస్తుంది. ఏడు పుల్లలు ఇవ్వాలి, చేతిలో రెండే ఉన్నాయి. అక్కడ మాట్లాడకుండా కూర్చోండి. ఒక నిమిషం పట్టినా సరే, కట్ట విప్పాలన్న ఆలోచన పిల్లకే రావాలి. విప్పితే పన్నెండు పుల్లలు, ఏడు ఇచ్చేస్తే ఐదు. కట్టలు రెండు మిగిలాయి. ఇరవై ఐదు. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా అర్థం కానిది, తన చేత్తో ఆ రబ్బరు బ్యాండు తీసినప్పుడు అర్థమవుతుంది. ఆ క్షణంలో పిల్లల ముఖం చూడడం కోసమే నేను ఈ పనిలో ఉన్నాను.

వారం రోజులు పుల్లలతోనే చేయించండి. రెండో వారం పుల్లలు పక్కన పెట్టి, కట్టకి ఒక నిలువు గీత, విడి పుల్లకి ఒక చుక్క చొప్పున కాగితం మీద బొమ్మ గీయించండి. మూడో వారం అంకెలతో. తొందరపడి రెండో వారం ఎగ్గొడితే మళ్లీ 35 వస్తుంది.

ఎక్కాలు కంఠతా రావాలి, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే "రెండు రెళ్లు నాలుగు" అని వరుసగా పాడడం ఒకటి, ఉన్నట్టుండి "ఏడు ఎనిమిదులు?" అంటే చెప్పడం ఒకటి. పాట వచ్చాక వరుస తప్పించి అడగండి. ఆరు ఏళ్లు, ఏడు ఆర్లు ఒకటేనని కొబ్బరికాయలు ఆరు వరసలు, వరసకి ఏడు పేర్చి చూపిస్తే, సగం ఎక్కం భారం అక్కడే తగ్గిపోతుంది. తప్పినవి మాత్రం చీటీ మీద రాసి మర్నాడు, మూడు రోజులకి, వారానికి మళ్లీ అడగండి. ఒకేరోజు ఇరవై సార్లు చెప్పించినా వారానికి మరిచిపోతారు.

పై తరగతులకి మన ఊళ్లోనే లెక్కలున్నాయి

ఎనిమిదో తరగతిలో విలోమానుపాతం అనగానే పిల్లలు భయపడతారు. అదే పిల్లలు చెరువు గట్టు మీద వంద కౌంట్, యాభై కౌంట్ అనే మాటలు రోజూ వింటారు. వంద కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలు, అంటే ఒక్కోటి 10 గ్రాములు. యాభై కౌంట్ అయితే 20 గ్రాములు, నలభై కౌంట్ అయితే 25. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. "మరి పాతిక కౌంట్ రొయ్య ఎంత బరువు?" అని అడగండి. 40 అని చెప్పగలిగితే విలోమానుపాతం వచ్చేసినట్టే, పేరు తర్వాత చెప్పొచ్చు.

భిన్నాలకి అమ్మమ్మ కొలతలు తీయండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. తవ్వ కుంచంలో ఎన్నో వంతు? ఎనిమిదో వంతు. ఒక మానిక, మూడు తవ్వలు కలిపితే? ఎనిమిదింట ఐదు వంతులు. పాత తవ్వ, మానిక అటక మీద ఉంటే దింపి, బియ్యం కొలిచి చూపించండి. చెప్పేది అమ్మమ్మే అయితే ఇంకా మంచిది.

దశాంశాలకి వరద వార్తలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. "నీటిమట్టం 11.8కి వస్తే హెచ్చరిక ఇచ్చేసినట్టా, ఇంకా లేదా?" అని అడగండి. 75 కన్నా 8 చిన్నది కాబట్టి ఇంకా లేదు అంటారు సగం మంది. 11.80 అని రాయించి చూపించండి. గోదావరి మధ్య లంక ఊళ్ల పిల్లలకి ఇది పుస్తకం లెక్కలా అనిపించదు, వాళ్ల ఇంటి సంగతి.

రాయడం కూడా ఇలాగే. వ్యాసం రాయమంటే గైడులోది దింపేస్తారు. 1986 ఆగస్టు వరదలో ఏం జరిగిందో తాతయ్యని అడిగి ఐదు వాక్యాలు రాయమనండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది, అది లేకముందు మన పొలాలకి నీళ్లు ఎలా వచ్చేవని అనుకుంటున్నావో రాయి అనండి. ఆ ఐదు వాక్యాల్లో అక్షర దోషాలు మొదటి నెల దిద్దకండి. ఎర్ర పెన్ను చూస్తే మర్నాడు రెండు వాక్యాలే రాస్తారు.

ఇంగ్లీషు, ఫోను

ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటున్నాయి. దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. ముందు తెలుగు పేజీ చదివించి, తన మాటల్లో చెప్పించి, అప్పుడు ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. సంగతి తెలిసిపోయింది కాబట్టి పిల్ల మాటల మీద దృష్టి పెడుతుంది. రోజుకి ఐదు కొత్త మాటలు చాలు. తెలుగు సరిగ్గా రాకుండానే ఇంగ్లీషు మీద పడితే రెండూ సగం సగం అవుతాయి.

ఫోను వాడితే ప్రభుత్వం వాళ్ల దీక్ష యాప్ పెట్టుకోండి. పాఠంలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి. అందరూ ఉన్న గదిలో, ఇరవై నిమిషాలు, అంతే.

ప్రైవేటుకి పంపాల్సి వస్తే

తొమ్మిది, పది తరగతుల్లో లెక్కలు, సైన్సు ఇంట్లో చెప్పలేకపోవడం సహజం. అప్పుడు పంపండి. స్కూల్లో చెప్పే టీచరునే ఇంటికి వచ్చి చెప్పమని అడగకండి. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. ఆ టీచరు గారితో మీకు వేరే పని ఉంది: మీ నోటుబుక్కు మొదటి పేజీ పట్టుకెళ్లి చూపించండి. "మా పాప ఎలా చదువుతోందండి?" అంటే "పరవాలేదు" అంటారు. "భాగహారం దగ్గర ఆగిపోతోందండి" అంటే ఆగి మాట్లాడతారు.

మన వీధిలో డిగ్రీ చదివే అక్కో అన్నో చెప్తామంటే ముందు ఒకరోజు వెళ్లి గుమ్మంలో కూర్చుని చూడండి. పిల్లలు ఎంతమంది? పది మంది దాటితే, వేర్వేరు తరగతులు కలిసుంటే, ఒక్కొక్కరి తప్పు చూడడం ఎవరి వల్లా కాదు. మాట్లాడేది చెప్పేవాళ్లేనా, పిల్లలు కూడానా? నెల తర్వాత "ఈ నెలలో మా వాడికి కొత్తగా ఏం వచ్చింది?" అని అడగండి, దానికి ఒక్క మాటైనా కచ్చితంగా చెప్పగలగాలి. హోంవర్కు పూర్తి చేయించి పంపడమే అయితే ఆ డబ్బు దండగ. కొట్టే చోట మాత్రం ఒక్కరోజు కూడా ఉంచకండి. ఎక్కడో దెబ్బలు తిని నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లాడు, నేను పెన్ను అందుకోవడానికి చెయ్యి ఎత్తితే తల పక్కకి తిప్పుకునేవాడు. వాడితో లెక్కలు మొదలుపెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది.

సెలవులు, వరద రోజులు

సంక్రాంతి మూడు రోజులూ పుస్తకం మాటే ఎత్తొద్దు. ప్రభల తీర్థం చూసి వచ్చి ఏం చూశారో చెబితే అదే చదువు. వేసవి సంగతి వేరు. ఏప్రిల్ చివర మూసిన స్కూలు జూన్ 12కి తెరిచేదాకా ఒక్క పేజీ చదవకపోతే, ఏడాదంతా ఎక్కిన మెట్లలో ఒకటో రెండో దిగిపోతారు. పొద్దున్నే పది నిమిషాల చదవడం ఒక్కటీ ఆపకండి.

లంకల్లో ఉండేవాళ్లు వరద కాలంలో రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకునే ప్లాస్టిక్ సంచిలోనే ఒక కథల పుస్తకం, నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు, ఓ ఐదు ఈనెల కట్టలు పెట్టి ఉంచండి. పునరావాస కేంద్రంలో పిల్లలకి రోజంతా ఏ పనీ ఉండదు, పెద్దవాళ్ల భయం చూస్తూ కూర్చుంటారు. రోజూ ఆడే చీటీల ఆట అక్కడా ఆడితే వాళ్ల మనసు కాస్త కుదుటపడుతుంది. పక్క కుటుంబాల పిల్లలూ వచ్చి చేరతారు.

నెలకోసారి

మొదటి ఆదివారం చేసిన పనే నెలకోసారి మళ్లీ చేయండి. వేరే పేరా, వేరే లెక్కలు. మొదటి పేజీ పక్కనే కొత్త తేదీ వేసి రాయండి. మెట్టు ఎక్కితే ఆ పావుగంట తర్వాతి మెట్టుకి ఇవ్వండి. రెండు నెలలు వరసగా అక్కడే ఉంటే, మీరు పట్టుకున్న మెట్టు ఇంకా పైది అన్నమాట, ఇంకొకటి కిందికి దిగండి. తీసివేత రావట్లేదు అనుకున్న పిల్లకి ఒక్కోసారి ఇరవై తొమ్మిది తర్వాత ఎంతో తెలియదు. అప్పుడు కట్టలన్నీ విప్పేసి, వంద ఈనెలూ చాప మీద పోసి, ఒకటి నుంచి లెక్కపెట్టించండి. పది అయినప్పుడల్లా రబ్బరు బ్యాండు పిల్ల చేతే వేయించండి.